వకాల్తాకి ముందు వంశవృక్షం

ఈ దేశంలో నల్లకోటు తొడుక్కోవాలంటే ఏమేం కావాలో న్యాయవాదుల చట్టం, 1961లోని 24వ సెక్షన్ చెబుతుంది. భారత పౌరసత్వం, ఇరవై ఒక్కేళ్ల వయసు, లా డిగ్రీ, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు. దాదాపు అంతే. ఢిల్లీలో కూర్చుని రాశారు కాబట్టి అలా ఏడిసింది. కోనసీమలో ఏ కోర్టు ఆవరణలోనైనా చెట్టు కింద ఒక్క పూట కూర్చుని రాసి ఉంటే ఇంత బోసి సెక్షన్ మన నెత్తిన పడేది కాదు.

ఇక్కడ జరిగే పని ఇదండీ. బార్ కౌన్సిల్లో కొత్తగా పేరు ఎక్కించుకున్న కుర్రాడు, మెడలో తెల్లబ్యాండు ఇంకా అలవాటు పడనివాడు, సీనియరు గారి ఆఫీసు గుమ్మంలో నిలబడతాడు. సీనియరు గారు ఫైల్లోంచి తలెత్తరు. "మీదే ఊరు బాబూ?" అంటారు. వైనతేయ పాయ అవతల ఏదో లంక పేరు చెబుతాడు. "ఆ ఊళ్లో ఎవరబ్బాయివి?" నాన్న పేరు చెబుతాడు. చాలదు. "ఇంటిపేరు?" అదీ చెబుతాడు. దానితోనూ తేలకపోతే అప్పుడొస్తుంది అసలు ప్రశ్న. గొంతు కాస్త తగ్గించి, ఎంతో ఆప్యాయంగా: "ఊళ్లోనేనా, పేటా?"

అయిపోయింది ఇంటర్వ్యూ. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఊసే లేదు. ఇంజంక్షన్ పిటిషన్ రాయడం వచ్చా అని అడిగిన పాపాన పోలేదు. ఆర్డర్ 39 మొత్తం గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పగల కుర్రాడు ఆ చదువంతా నోట్లోనే పెట్టుకుని నిలబడి ఉంటాడు. జవాబు 'ఊళ్లోనే' అయ్యి, ఇంటిపేరు కూడా కలిసొస్తే కుర్చీ వస్తుంది, కాఫీ వస్తుంది, ఏడాది తిరక్కుండా కొబ్బరితోట పంపకాల దావాలో సాక్షిని క్రాస్ చేసే ఛాన్సూ వస్తుంది. 'పేట' అయితే దీవెన వస్తుంది. "మంచిది బాబూ, మీవాళ్లు కూడా పైకి రావాలి. అలా వెళ్లి బెంచి క్లర్కు దగ్గర మన నాలుగు కేసులకీ వాయిదా ఎప్పుడు పడిందో కనుక్కురా."

వాయిదాలు కనుక్కుంటూ అయిదేళ్లు గడుస్తాయి. అప్పుడు అదే సీనియరు గారు పక్కనున్న పెద్దాయనతో అంటారు: "వాడు మంచోడేనండి, కానీ కోర్టులో నోరు లేవదు."

అందుకే నాదొక మనవి. ఇంత చక్కగా నడుస్తున్న ఆచారాన్ని చాటుమాటుగా ఎందుకు నడపాలి? 24వ సెక్షన్‌కి ఒక క్లాజు కలిపేద్దాం. అభ్యర్థి తన ఊరు, గోదావరి ఏ పాయకి ఏ ఒడ్డున ఉంటాడో ఆ వివరం, ఇంటిపేరు, మేనమామల ఊరు, ఊరో పేటో తేల్చే తహసీల్దారు సర్టిఫికెట్ దరఖాస్తుతో జతపరచాలి. 'మనోడు' అని ఇద్దరు సీనియర్లు సంతకం పెట్టాలి. కక్షిదారులకి సౌకర్యం, జడ్జిలకి స్పష్టత, కుర్రాళ్లకి అయిదేళ్లు ఆదా. నిర్వచనాల దగ్గర మాత్రం ఒక చిక్కుంది. 'పరాయివాడు' అంటే ఎవరు? దీనికోసం చరిత్ర తిరగేస్తే పరాయివాడు కానివాడు ఒక్కడూ దొరకడం లేదు.

ముందు సముద్రం అవతలకి పోదాం. మన సీనియరు గారికి అక్కడొక అబ్బాయున్నాడు. ఇక్కడ లా చదివి, అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేసి, బార్ పరీక్ష రాసి లాయరయ్యాడు. ఫోనులో బాధపడతాడు: "ఇక్కడ నా యాస చూస్తారు నాన్నా. నువ్వు అసలు ఏ దేశం వాడివని అడుగుతారు. మంచి కేసులన్నీ వాళ్లలో వాళ్లే పంచుకుంటారు." సీనియరు గారికి ప్రాణం ఉసూరుమంటుంది. ఫోను పెట్టేసి, "అంత చదువుకున్న దేశం, పుట్టుకని బట్టి మనిషిని కొలవడం ఏం బుద్ధండీ!" అని వాపోతారు. ఎవరితో? ఫైళ్ల కట్ట చంకలో పెట్టుకుని గోడవారన నిలబడ్డ మన లంక కుర్రాడితో. కుర్రాడు "అవునండీ" అంటాడు. ఇంకేమంటాడు!

తెల్లవాళ్లని తక్కువ చేయకూడదు, ఈ విద్యలో వాళ్లు మనకి గురువులు. 1894లో నాటాల్ సుప్రీంకోర్టులో ప్రాక్టీసుకి గాంధీ అనే ఇండియన్ బారిస్టరు దరఖాస్తు పెట్టుకుంటే అక్కడి లా సొసైటీ అభ్యంతరం తెలిపింది. ఒరిజినల్ సర్టిఫికెట్ జతచేయలేదన్నది పైకి చెప్పిన కారణాల్లో ఒకటి. చర్మం రంగు అసలు కారణం. అభ్యంతరం ఎలా రాయాలో చూడండి: లోపల కులమో రంగో పెట్టుకుని, పైన కాగితం తక్కువైందనాలి. మన బార్ సంఘాల్లో ఈ కళ ఈనాటికీ కళకళలాడుతోంది. తెల్లవాడికీ నల్లవాడికీ చట్టంలో తేడా లేదని అక్కడి చీఫ్ జస్టిస్ సొసైటీ మాట తోసేశాడు. చేర్చుకున్నాక, ఇక తలపాగా తీసేయమన్నాడు. చేర్చుకోవడం వేరు, ఉన్నవాణ్ణి ఉన్నట్టు చేర్చుకోవడం వేరు.

కాలిఫోర్నియా వాళ్లు ఇంకా నిక్కచ్చి మనుషులు. హాంగ్ యెన్ చాంగ్ అనే చైనీయుడు కొలంబియా యూనివర్సిటీలో లా చదివి, న్యూయార్కులో లాయరై, పడమటి తీరానికి వచ్చాడు. చైనావాడికి పౌరసత్వమే చెల్లదు కాబట్టి లాయరుగిరీ కూడా చెల్లదని 1890లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పొమ్మంది. అదే కోర్టు 2015లో ఆయనకి లైసెన్సు మంజూరు చేసింది. 1926లోనే పోయిన మనిషికి. నూట పాతికేళ్ల వాయిదా! మన కోర్టుల్లో వాయిదాలు ఎక్కువని నోరు పారేసుకునేవాళ్లు ఈ రికార్డు చూసి కాస్త నెమ్మదించాలి. మన తాతలు వేసిన రాజోలు దావాలు కూడా ఇంకా అంత దూరం పోలేదు.

సరే, సొంత గడ్డ మీదకి వద్దాం. తెలుగు ప్లీడర్ల వలస మద్రాసుతో మొదలు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరూ డబ్బూ సంపాదించారు. ఎంత దంచి వాదించినా గ్రేడు గ్రేడే, పై కోర్టు మెట్టు ఎక్కనివ్వదు. ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో వచ్చి మద్రాసులో కోటు వేశారు. ఆ హైకోర్టు మైలాపూరు వాళ్ల గుప్పిట్లో ఉందనీ, ఉద్యోగాల్లో మనకి వాటా లేదనీ, తెలుగువాళ్లంటే చిన్నచూపనీ మన పెద్దలు ఎన్ని సభలు పెట్టారో, ఎన్ని తీర్మానాలు చేశారో! అవన్నీ నిజమే. ఆ ఏడుపులోంచే ఆంధ్రోద్యమం వచ్చింది, రాష్ట్రం వచ్చింది, 1954లో గుంటూరులో హైకోర్టు వచ్చింది. మూడేళ్లు తిరక్కుండా, 1956లో, అది హైదరాబాదు తరలింది. మన గోదావరి ప్లీడర్లూ ట్రంకు పెట్టెలతో వెనకే వెళ్లారు.

వెళ్లి ఏం చేశారు? మైలాపూరు వండిన వంటే వండారు, ఆవకాయ కలిపి. మన ఊరివాడు జూనియరు, మన జిల్లావాడు గవర్నమెంటు ప్లీడరు. తెలంగాణ లాయరు నోరు విప్పితే అతని తెలుగు మనకి హాస్యం, అతని ఉర్దూ మాట మనకి వినోదం. ఆ ముచ్చట అర్ధశతాబ్దం సాగాక, 2010 సెప్టెంబరులో తెలంగాణ న్యాయవాదులు హైకోర్టులోనే ఆందోళనకి దిగి, ప్రభుత్వ న్యాయవాద పదవుల్లో మాకు 42 శాతం కావాలన్నారు. మనవాళ్లకి గుండె ఝల్లుమంది. "ప్రతిభ ఉండగా ప్రాంతం ఏమిటండీ?" అన్నారు. మైలాపూరు మన తాతలకి ఏం జవాబు చెప్పి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత రాష్ట్రం విడిపోయింది, హైకోర్టు మాత్రం ఉమ్మడిగా మిగిలింది. కింది కోర్టుల జడ్జిలను రెండు రాష్ట్రాలకీ పంచే దగ్గర 2016లో ఎంత రభస అయిందంటే, న్యాయాధికారులే రోడ్డెక్కారు, కొందరు సస్పెండయ్యారు. ఏ జడ్జి ఎక్కడ పుట్టాడన్న సంగతి దగ్గర, ఆయన తీర్పులు ఎలా రాస్తాడన్నది ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, జనవరి 1 నుంచి ఎవరి హైకోర్టు వాళ్లది. జీవితకాలపు ప్రాక్టీసు అట్టపెట్టెల్లో సర్దుకోవడానికి వారం కూడా లేదు. విజయవాడలో ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసునే కోర్టు చేసి కూర్చోబెట్టారు, ఆ తర్వాత నేలపాడుకి మార్చారు. పాపం, హైదరాబాదులో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని అక్కడ చదివించుకుని, మనవల దగ్గర గోదావరి యాస కూడా పోగొట్టుకున్న కోనసీమ లాయరు గారు అక్కడ 'ఆంధ్రావాడు', ఇక్కడ 'హైదరాబాదు బ్యాచి'. రెండు చోట్లా ఒకే ప్రశ్న ఎదురైంది ఆయనకి: "మీదే ఊరండీ?" ఆయన నొచ్చుకున్నారని విన్నాను. ముప్ఫై ఏళ్లు ఆ ప్రశ్న తానే అడిగినప్పుడు అది పలకరింపనుకున్నారు.

ఆడవాళ్ల సంగతి ఈ లెక్కలో ప్రత్యేకం. వాళ్లు ఏ రైలూ ఎక్కక్కర్లేదు, పెళ్లి చేసుకుంటే చాలు, వలస వచ్చినట్టే. రెజీనా గుహ అనే లా పట్టభద్రురాలు ప్లీడరుగా నమోదు చేసుకోమంటే, చట్టంలోని 'వ్యక్తి' అన్న మాట ఆడవాళ్లకి వర్తించదని 1916లో కలకత్తా హైకోర్టు తేల్చేసింది. 1923లో చట్టం మారింది. గుంటూరు నుంచో తుని నుంచో కోడలిగా వచ్చి కొత్తపేటలో బోర్డు కట్టిన లాయరమ్మకి ఇప్పుడు ఏ అడ్డూ లేదు. వచ్చిన కక్షిదారు అడిగేది ఒక్కటే: "సారు గారు లేరా అమ్మా?" సారు గారు అరటికాయల వ్యాపారి.

ఇక అసలు విశేషం. కోనసీమలో పరాయివాడు కావడానికి మద్రాసులూ హైదరాబాదులూ అక్కర్లేదు, పుట్టిన ఊళ్లోనే కావచ్చు. పేట నుంచి కోర్టుకి మైలున్నర దూరం, దాటడానికి మూడు తరాలు.

బొజ్జా తారకం గారిది కాట్రేనికోన దగ్గర కందికుప్ప. కాకినాడ, నిజామాబాదు, హైదరాబాదు: పుట్టిన చోటుకి దూరం జరుగుతూ జరుగుతూ సాగిన ప్రాక్టీసు. గవర్నమెంటు ప్లీడరు పదవి కోసం మనవాళ్లు ఎన్ని గుమ్మాలు తొక్కుతారో, ఎంతమంది మంత్రుల కూతుళ్ల పెళ్లిళ్లలో వడ్డనలు చేస్తారో లోకానికి తెలుసు. 1985 జూలైలో కారంచేడులో దళితులను నరికితే, హైకోర్టులో తనకున్న ఆ పదవిని తారకం రాజీనామా చేసి పారేశారు. అంత పిచ్చిపని మన బార్లలో ఎవరూ చేయరు. అక్కడితో ఆగారా? 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకం రాసి, ప్లీడరు ఫీజు కట్టకుండానే సామాన్యుడికి తన హక్కులు తెలిసే ఏర్పాటు చేశారు. వృత్తి కడుపు కొట్టడం కాదా ఇది? ఇలాంటి మనిషి పోయాక, సంతాప తీర్మానాల్లో "మన కోనసీమ ముద్దుబిడ్డ" అనడానికి మాత్రం మనకి ఏ సర్టిఫికెట్టూ అడ్డు రాలేదు.

జి.ఎం.సి. బాలయోగి కూడా ప్లీడరే. ఎదుర్లంక నుంచి గోదావరి దాటి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు, మేజిస్ట్రేటు ఉద్యోగం వస్తే వదిలేసి రాజకీయాల్లోకి వచ్చారు, లోక్‌సభ స్పీకరయ్యారు. యానాం–ఎదుర్లంక వంతెనకి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ వంతెన మీద రోజూ కాకినాడ వెళ్లి వచ్చే సీనియరు గారు కారు అద్దం దించి దణ్ణం కూడా పెడతారు. పేట నుంచి వచ్చిన మనిషి వంతెనైతే మనకి ఏ పేచీ లేదు. దాటి వెళ్లిపోవచ్చు.

వంతెన దాకా బాగానే ఉంది. జిల్లా అనేసరికి ప్రాణం మీదకొచ్చింది. మన జిల్లాకి ఉన్నదీ ఒక లాయరు పేరే. గ్రేస్ ఇన్ బారిస్టరు. 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెడితే, కేసులు పంచే సొలిసిటర్లు అంటరానివాడికి బ్రీఫ్ ఇవ్వడానికి వెనకాడారు. ఇల్లు గడవడానికి ఆయన ఒక అకౌంటెన్సీ సంస్థలో పాఠాలు చెప్పుకున్నారు. వాళ్లూ అడిగి ఉంటారు, మరాఠీలో, "ఊళ్లోనా, పేటా?" అని. నూరేళ్ల తర్వాత, ప్రభుత్వం కోనసీమకి ఆయన పేరు కలుపుతామంటే, 2022 మే 24న అమలాపురంలో మంత్రి గారి ఇల్లూ ఎమ్మెల్యే గారి ఇల్లూ తగలబడ్డాయి. బొంబాయి సొలిసిటర్లు పాపం మర్యాదస్తులు. బ్రీఫ్ ఇవ్వలేదు గానీ అగ్గిపెట్టె తీయలేదు.

పేరు నిలబడింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. ఇప్పుడు దావా కాగితంలో జూనియరు ఆ పేరు పూర్తిగా టైపు చేసి తెస్తే సీనియరు గారు పెన్ను తీసి ముందున్న మూడు మాటలూ కొట్టేస్తారు. "పొడుగైపోతోందయ్యా." తూర్పు హద్దు ఫలానా వారి కొబ్బరితోట, దక్షిణం ఫలానా వారికీ మనకీ ఉమ్మడి బోదె, పడమర పుంత, ఉత్తరం పుల్లయ్య గారి వారసుల దొడ్డి అని నాలుగు పేజీలు అలుపు లేకుండా రాయించే చేతికి, ఆ ఒక్క పేరు దగ్గరే కాగితం ఖర్చు గుర్తొస్తుంది!

ఇదంతా వింటే ఎవరో ఒకరు లేచి మెరిట్ సంగతి తెస్తారు. తేనీండి. 2018 నుంచి 2023 జూలై దాకా దేశంలో నియమితులైన 604 మంది హైకోర్టు జడ్జిలలో 458 మంది జనరల్, 72 మంది ఓబీసీ, 18 మంది ఎస్సీ, 9 మంది ఎస్టీ, 34 మంది మైనారిటీలు అని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. మెరిట్‌కి కూడా ఊరూ పేటా తెలుసన్నమాట, భలే జ్ఞాపకశక్తి. బార్‌లో ఎవరికి కేసులు వస్తాయో వాళ్ల పేరు తీర్పుల్లో పడుతుంది, పేరు పడినవాడికి సీనియర్ హోదా వస్తుంది, అందులోంచి జడ్జీలు వస్తారు. మొదటి కేసు ఎలా వస్తుందంటే, చెప్పాను కదండీ, ఊళ్లోనా పేటా.

ఫీజు దగ్గరా అంతే. చట్టం 750 రూపాయలంది, ఎస్సీ, ఎస్టీలకి 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలకి వేలు గుంజుతూ వచ్చాయి. చట్టంలో రాసినదానికన్నా పైసా ఎక్కువ తీసుకోవద్దని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చట్టం చదివి చెప్పడమే వృత్తిగా ఉన్న సంస్థలకి, తమ చట్టంలో తమ ఫీజు ఎంతో వేరొకరు చదివి చెప్పాల్సి వచ్చింది.

ఇంతలో కొత్త వలస ఒకటి వస్తోంది. విదేశీ లాయర్లూ వాళ్ల కంపెనీలూ ఇక్కడ ఆఫీసులు పెట్టుకోవచ్చని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023 మార్చిలో నిబంధనలు తెచ్చింది, 2025 మేలో సవరించింది. కోర్టుల్లో వాదించకూడదు. తమ దేశపు చట్టం మీద సలహాలూ, అంతర్జాతీయ మధ్యవర్తిత్వాలూ మాత్రం చేసుకోవచ్చు. వాళ్ల దేశం మనవాళ్లని రానిస్తేనే మనమూ రానిస్తామని షరతు. న్యాయమే. అన్నట్టు, పరాయి దేశస్తురాలని లాయరుగా చేర్చుకోకపోవడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1973లో గ్రిఫిత్స్ కేసులో చెప్పింది. మన 24వ సెక్షన్ ఇంకా పౌరసత్వంతోనే మొదలవుతుంది, విదేశీయుడికి ఆ ఇచ్చిపుచ్చుకునే షరతు ఒక్కటే దారి.

రేపో మాపో కేజీ బేసిన్ గ్యాసు తగాదా మీద లండన్ నుంచి ఒక దొర అమలాపురం వస్తాడు. నా సవరణ ప్రకారం ఆయన కూడా ఊరూ ఇంటిపేరూ మేనమామల ఊరూ సమర్పించుకోవాలి. సీనియరు గారిని అడిగాను, ఏమండీ, ఆ దొరని ఏమని అడుగుతారని. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"అదేం ప్రశ్నండీ, దొర గారిని అలాంటివి అడుగుతామా?" అని, గోడవారనున్న కుర్రాడి వైపు తిరిగారు. "ఒరే, మంచి లేత బొండాలు రెండు దించి ఉంచమని చెప్పిరా. నువ్వు కొట్టకు, ఇంకెవరిచేతైనా కొట్టించు."